సెలూన్‌లో చదవాల్సిన కాగితం

ఏమండీ,

అన్నం వండి మూతపెట్టాను. పాపని పన్నెండింటికి ట్యూషన్ నుంచి మీరే తీసుకురండి.

ఆరేళ్ల కిందట మీరు భయపడి తప్పుకుంటే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ నేనే చేయించుకున్నాను. ఆ నడుంనొప్పి ఇప్పటికీ వదల్లేదు. ఇప్పుడు నెల తప్పితే "ఎవరిదే?" అన్నారు. ఇంట్లో అంటే ఏడ్చి ఊరుకునేదాన్నేమో. సెలూన్‌లో పదిమంది ముందు కూడా అన్నారు.

ఆపరేషనే ఫెయిలైందని నిన్న డాక్టరమ్మ రాసిచ్చింది. ఆ కాగితం పట్టుకుని సెలూన్‌కి వెళ్తున్నాను. ఆదివారం కదా, మీ స్నేహితులంతా గడ్డాలకి కూర్చుని ఉంటారు. సబ్బు నురగ మొహాలతో లేచి పారిపోలేరు. గట్టిగా చదువుతాను.

అన్నట్టు, అత్తయ్యకి పొద్దున్నే చదివి వినిపించాను. "పద" అని, నాకంటే ముందే చెప్పులేసుకుని గుమ్మం దిగారు.