చెరకు కోత దాకా నవ్వను

1 ఫిబ్రవరి 1966, మంగళవారం

ఉదయం 6. ఈ రోజు నుంచి నిప్పు బంద్.

ఈ డైరీని ఎవరైనా దొంగతనంగా చదివితే వాళ్లకు అర్థం కావాలి కదా, అందుకని రాస్తున్నాను. నా పేరు గంగామణి. పంతొమ్మిదేళ్లు. ఊరు రెంజల్ పక్కన. నాకు నవ్వొస్తే వేళ్ల కొసల నుంచి నిప్పు వస్తుంది. కోపమొస్తే రాదు, ఏడిస్తే రాదు. నవ్వొస్తేనే. నాకేమో కాకి నడిచినా నవ్వొస్తుంది.

నేను పుట్టిన రోజే మా పాత గుడిసె కాలిపోయిందట. మంత్రసాని నన్ను కొంగులో చుట్టుకుని, మా అమ్మను, అదే అవ్వను, పట్టుకుని బయటపడిందట. ఆ పని నాదేనని ఊరంతా అంటుంది. ఒక పూట పిల్లను, ఏం చూసి నవ్వానో మరి.

ఇప్పుడు సంగతి ఏమిటంటే, మా ఎకరన్నర చెరకు కోతకు వచ్చింది. ఆకు ఎండి గలగలమంటోంది. ఫ్యాక్టరీ నుంచి కోత పర్మిట్ వచ్చేదాకా అది అలా నిలబడాల్సిందే. నిన్న మా నాన్న, బాపు, తేల్చి చెప్పాడు.

"చెరుకు బండ్లకెక్కేదాక నీ చేతులకెళ్లి ఒక్క రవ్వ రావద్దు. గట్లుంటె జూన్‌ల ఇందూర్‌కు టీచర్ ట్రైనింగ్‌కు పంపుత. రవ్వ లేసిందా, కందకుర్తిల మీ మేనత్త ఇంట్లనే ఉండాలె. ఆడ సుట్టూ నీళ్లే."

నాకు ఇందూర్, అదే నిజామాబాద్, వెళ్లాలని ఉంది. చాలా ఉంది. కందకుర్తిలో మేనత్త రోజుకు మూడుసార్లు గోదావరిలో ముంచి లేపుతుంది.

బాపు పేరు రాజలింగు. ఆయన పళ్లు నేను ఇంతవరకు చూడలేదు. ఎవరైనా నవ్వు మాట అంటే చాలు, తడి తువ్వాలకు చేతులు తుడుచుకుంటూ లేచిపోతాడు.

పద్ధతులు:
1. నవ్వొస్తే, పోయినేడు చచ్చిపోయిన మా బర్రెను తలచుకోవాలి.
2. చేతులు ఎప్పుడూ తడిగా ఉండాలి.
3. పక్కింటి సాయన్న కాక ఎదురుపడితే గోడ వైపు తిరగాలి. ఆయన మొహం మామూలుగా పెట్టి మాట్లాడతాడు, అదే ప్రమాదం.

సాయంత్రం 6. ఒక్క రవ్వ లేదు. ఇంత సులువైన పనికా ఇన్నేళ్లు భయపడ్డాను!

3 ఫిబ్రవరి

ఉదయం 8. రెండు రోజులు పూర్తి. బర్రె బాగా పనిచేస్తోంది.

11 గంటలకు. సాయన్న కాక వచ్చి అవ్వతో అన్నాడు: "వదినె, మా ఇంటిది నిన్న నాతోటి మాట్లాడలే. పొద్దంత మస్తు నిమ్మలముండె. ఇయ్యాల ఏం తప్పు చేస్తె మల్ల మాట్లాడదో జర చెప్పు."

గోడ వైపు తిరిగాను. బర్రె, బర్రె, బర్రె.

11:05. జడ రిబ్బను కొస కాలింది. రిబ్బను చెరకు కాదు. లెక్కలోకి రాదు.

5 ఫిబ్రవరి

ఉదయం 5. ఈ కాలంలో వాన! పిడకలన్నీ తడిశాయి. అవ్వ పొయ్యి ఊది ఊది కళ్లు ఎర్రగా చేసుకుంది. తర్వాత అటూ ఇటూ చూసింది.

"మీ బాపు బాయికాడికి పోయిండు. జర ఏలు పెట్టు బిడ్డ."

"నవ్వొస్తలేదవ్వా."

అవ్వ లేచి, మేనత్త ఎలా నడుస్తుందో నాలుగడుగులు నడిచి చూపించింది. పొయ్యి అంటుకుంది. అవ్వ కొంగు కూడా, కొంచెమే.

తల్లి మాట వినాలి కదా. లెక్కలోకి రాదు.

8 ఫిబ్రవరి

ఇవాళ మా వీధి చివర రాధాబాయి ఇంట్లో పసుపు ఉడకబెట్టారు. తవ్విన పసుపు కుప్పగా పడి ఉంది, ఇంకా ఆగితే చెడిపోతుంది. కడాయి కింద వేసే చెరకు ఆకు వానకు నానింది, అగ్గిపెట్టె మెత్తబడింది. రాధాబాయి మరాఠీలో దేవుణ్ని, తెలుగులో మొగుణ్ని తిట్టడం మొదలుపెట్టింది. ఎవరి వంతు ఎప్పుడొస్తుందో తెలియక ఆయన ప్రతిసారీ తలొంచుకుంటున్నాడు.

నేనేం చేయను. భగ్గుమంది.

మధ్యాహ్నానికి మూడు కడాయిలు దించారు. మంట తగ్గినప్పుడల్లా ఆడవాళ్లు వంతులేసుకుని నా చెవిలో తమ మొగుళ్ల సంగతులు చెప్పారు. పెళ్లి గురించి నాకు చాలా తెలిసింది.

సాయం చేయడం లెక్కలోకి రాదు. బాపుకు తెలియదు. తెలిసినవాళ్లు ఊరంతా.

10 ఫిబ్రవరి

ఈ రెండు రోజుల్లో లెక్కలోకి రానివి: సాయన్న కాక బీడీ. సాయన్న కాక రెండో బీడీ. బడి గంట తాడు (పొరపాటు). నా దిండు (కల).

మధ్యాహ్నం అన్నం తింటూ బాపు అడిగాడు: "ఎట్లున్నది?"

"ఒక్క రవ్వ లేదు బాపు."

అబద్ధం చెబుతుంటే నవ్వొచ్చింది. గబుక్కున చేయి మజ్జిగ కుండలో పెట్టాను. మజ్జిగ కుతకుతా ఉడికింది. బాపు కుండను చూశాడు, నన్ను చూశాడు, తువ్వాల నోటికి అడ్డం పెట్టుకుని సగం అన్నంలో లేచి వెళ్లిపోయాడు.

బాగా కోపమొచ్చినట్టుంది. రేపటి నుంచి గట్టిగా ఉంటాను.

12 ఫిబ్రవరి

మధ్యాహ్నం 3. పర్మిట్ వచ్చింది. చెరకు కాలిపోయింది.

వరసగా రాస్తాను. నేను చేను దగ్గర కాలవలో మోచేతుల దాకా చేతులు ముంచి గిన్నెలు తోముతున్నాను. ఫ్యాక్టరీ గుమాస్తా సైకిల్ దిగి, గట్టు మీదున్న బాపు చేతిలో పర్మిట్ పెట్టాడు. "మీ వంతు రేపే" అన్నాడు. బాపు చదువుకుని చెరకు వైపు తిరిగి నిలబడ్డాడు. ఆ పక్కనే ఆకు అంటుకుంది.

అందరూ నా వైపు చూశారు. నేను కూడా నా వైపే చూసుకున్నాను. నవ్వలేదు కానీ, మనసులో సంతోషపడ్డ మాట నిజం.

"నేనే" అన్నాను. బాపు తడి తువ్వాలకు చేతులు తుడుచుకున్నాడు.

ఇందూర్ పోయింది. నా చేతులారా పోగొట్టుకున్నాను. ఏడుస్తూ రాస్తున్నాను. ఏడిస్తే నిప్పు రాదు, అదొక్కటే లాభం.

14 ఫిబ్రవరి

సాయంత్రం 5. చివరి బండి వెళ్లింది. ఆకు కాలినా గడలు నిలిచాయి. కాలిన చెరకు నిలవ ఉంటే బరువు పోతుందని నిన్నా ఇవాళా ఊరంతా వచ్చి నరికింది. ఆకు ఒలిచే పని లేకపోయేసరికి కోత తొందరగా అయింది. అందరి మొహాలూ మసి.

కందకుర్తికి బట్టలు సర్దుకుంటుంటే బాపు పర్మిట్ తెచ్చి పెట్టెలో దాచమన్నాడు. కాగితం మూల మీద మాడిన మచ్చ. బొటనవేలి అచ్చు. మధ్యలో అడ్డంగా కొడవలి గాటు.

నా వేలికి గాటు లేదు. పైగా నా చేతులు నీళ్లలో ఉన్నాయి.

కొట్టం దగ్గరికి వెళ్లాను. "బాపు, నీ బొటనేలు చూపియ్యి."

ఆయన చూపించలేదు. ఎద్దుకు గడ్డి వేస్తూ నిదానంగా చెప్పాడు.

"నువ్వు పుట్టినప్పుడు మంత్రసాని బయటికొచ్చి, ఆడపిల్ల అన్నది. నేను నవ్విన. గుడిసె పోయింది. గప్పటిసంది నవ్వలే."

"ఊరంత నేనే అంటరు గద బాపు."

"చెప్పాలంటె సిగ్గయింది బిడ్డ. మొన్న గూడ గంతే."

పంతొమ్మిదేళ్ల నింద. నాకు కోపం రావాలి. రాలేదు. నేను పుట్టానని తెలిసి ఇల్లు కాలిపోయేంతగా నవ్వాడు మా బాపు. రాస్తుంటే మళ్లీ కళ్లు నిండుతున్నాయి.

"మరి కందకుర్తి?"

"నేనే ఆపుకోలే. నిన్నెట్ల ఆపుకొమ్మంట? ఇందూర్‌కే పో. గని హాస్టల్‌ల దోమతెరకు దూరం పండుకో."

15 ఫిబ్రవరి

ఉదయం 6. ఈ రోజు నుంచి నిప్పు బంద్. ఈసారి ఇద్దరం. జూన్ దాకా.

పద్ధతులు:
1. నాకు బర్రె. బాపుకు ఎప్పుడో చచ్చిపోయిన ఎద్దు.
2. తడి తువ్వాలలు రెండు.
3. సాయన్న కాకకు మా గడప బంద్.

6:20. సాయన్న కాక గడపలో నిలబడ్డాడు. మామూలు మొహం.

"అన్నా, నా చెరుకుకు పర్మిట్ ఇయ్యాలొచ్చింది. ఆకు ఒలుసుడు నాతోటి కాదు. నీ బిడ్డను జర తోలియ్యి. నా లగ్గం ముచ్చట చెప్త."

బర్రె, బర్రె.

6:25. ఈ పేజీ మూల కాలింది. నేను కాదు. మళ్లీ రేపటి నుంచి.

బాపుకు పై పన్ను ఒకటి వంకర. ఇవాళే చూశాను.