ఎర్ర జెండాలు పీకింది నేనే

బావా,

అక్క ఈ చీటీ ఇచ్చాక కూడా బుల్డోజర్ ఎక్కావంటే నా మీద ఒట్టే! గోల్ఫ్ మైదానం కోసం చిత్తడి నేలను పూడుస్తారనుకుని, దాని చుట్టూ ఉన్న ఎర్ర జెండాలు నిన్న నేనే పీకేశాను. "కరపత్రాలు చాలుగానీ, ముందు ప్లాను చూడరా మేధావీ" అని నువ్వన్నావుగా, ఆ రోషంతో ఇందాక ఆఫీసు గోడమీద చూశాను. అవి అక్కడ తవ్వొద్దని పాతిన జెండాలు! తుంగలో నీటికోళ్లు పొదుగుతున్నాయి. నేను దోపిడీదారులని తిట్టినవాళ్లే వాటికి చోటు వదిలారు. సిగ్గుతో చస్తున్నాను. మేనేజరు రాగానే తప్పు ఒప్పుకుంటాను, నీ ఉద్యోగం పోనివ్వను. జెండాలు మళ్లీ పాతుతున్నాను గానీ, తూర్పు హద్దు ఎంతకీ గుర్తు రావడం లేదు. అక్కడ నేనే నిలబడతాను. నన్ను దాటి రాకు.

నీ బామ్మర్ది