లెక్కలోకి రాని తమ్ముడు

నాంపల్లి, హైదరాబాద్.

అమ్మకి,

విజయ నమస్కారాలు. నేనిక్కడ బాగానే ఉన్నాను, వేళకి తింటున్నాను, నా గురించి బెంగ పెట్టుకోకు. నీ మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయి? నాన్న బీపీ మాత్ర మరిచిపోకుండా వేసుకుంటున్నారా? అక్కకి వేవిళ్ళు కాస్త తగ్గాయట, మొన్న చెప్పింది. ఫోనుండగా ఈ ఉత్తరమేమిటని నువ్వనుకుంటావు. ఫోనులో ఈ మాట ఎత్తితే పొయ్యి మీద పాలున్నాయని పెట్టేస్తావు. కాగితమైతే మధ్యాహ్నం నాన్న పడుకున్నాక ఒక్కదానివే చదువుకుంటావు. చివరిదాకా చదువమ్మా.

ఇక్కడికొచ్చి ఏడు నెలలు దాటింది. నాంపల్లి స్టేషన్ వెనక ఈ గదికి అలవాటు పడ్డాను. మన వైపు వెళ్ళే బండి సాయంత్రం ఇక్కడి నుంచే బయలుదేరుతుంది, ఆ అనౌన్స్‌మెంటు గదిలోకి వినబడుతుంది. మొదట్లో విన్నప్పుడల్లా ఏడుపొచ్చేది. ఇప్పుడు ఆ వేళకి ఆబిడ్స్‌లో ఏదో పని కల్పించుకుని తిరుగుతుంటాను. వారం రోజులుగా ఒకటే వానలు, బషీర్‌బాగ్‌లో ఆఫీసుకి వెళ్ళేసరికి చీర కుచ్చిళ్ళు తడిసిపోతున్నాయి. తిండికి లోటు లేదు. ఇంటావిడ రోజూ గుమ్మంలో నిలబడి, "ఏంది బిడ్డా, గింతే తింటవా? జర పెరుగన్న ఏస్కో" అంటుంది. మంచి మనిషి. బాగానే ఉన్నానమ్మా.

నా పనేమిటో నీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు. నాన్న ముక్కు నాకూ నీ జుట్టు అక్కకీ వచ్చాయే, అలా పోలికల్ని తరతరాలకీ అందించే జన్యువులకి కూడా కుటుంబాలుంటాయి. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. అవి ఒకదాన్ని చూసి ఒకటి దిద్దుకుంటూ కలిసి మారుతుంటాయి. కొన్ని పాడై నోరు పడిపోయినా వరసలో తమ చోటునే ఉంటాయి. అలాంటి కుటుంబాల్లో ఎన్నాళ్ళకొకటి పుడుతుంది, ఎన్నాళ్ళకొకటి పోతుంది అని కంప్యూటరులో లెక్క కట్టడమే నా పని. పోయిన నెల నాకిచ్చింది రక్తాన్ని ఎర్రగా ఉంచే కుటుంబం. అందులో కడుపులో ఉన్నప్పుడు ఒకటి పనిచేస్తుంది, బిడ్డ పుట్టాక దాని తోబుట్టువు పని అందుకుంటుంది. ఎవరిలో అది పని అందుకోలేదో నీకు చెప్పక్కర్లేదు.

ఆ పాడైనవాటిని నేను చెత్తనుకుని లెక్కలోంచి తీసేశాను. శుభ్రంగా ఉందని మురిసిపోయాను కూడా. మా సార్ ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగిన పెద్దాయన. కాగితాలు చూసి కళ్ళజోడు తీసి, "ఏందమ్మా విజయా, నీ లెక్కల ఒక్కరు గూడ సచ్చిపోలేదు. గట్లుంటదా ఏడనన్న?" అన్నారు.

"పాడైపోయినవి కదా సార్, తీసేశాను."

"వరసల ఉన్నయి కదా. పోయినోళ్ళని తీసేస్తే ఉన్నోళ్ళ లెక్క గూడ తప్పైతది."

అంతే. నాకు కన్నీళ్ళు ఆగలేదు. ఆయన కంగారుపడి మంచినీళ్ళిచ్చి ఏమైందని అడిగారు. "నాకొక తమ్ముడుండేవాడు సార్" అన్నాను. పద్దెనిమిదేళ్ళలో ఆ మాట నా నోట రావడం అదే మొదటిసారి. నెలనెలా కాకినాడ తీసుకెళ్ళి రక్తం ఎక్కించడం, ఆరేళ్ళకే పోవడం, ఇప్పుడు అక్క కడుపుతో ఉండడం, అన్నీ చెప్పేశాను. ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. తరవాత, "మీ అక్కను ఎవరింట్ల ఇచ్చిన్రు?" అనడిగారు. మేనమామ కొడుక్కన్నాను. "ఇద్దరికి రక్తపరీక్ష చేపియ్యాలె. ఆలస్యం జెయ్యొద్దు" అన్నారు.

నేనిక్కడ దవాఖానలో చూపించుకున్నాను. తమ్ముడికున్న ఆ లోపం నా రక్తంలోనూ ఒక పాలుంది. కంగారుపడకు, ఒక పాలుంటే నాకేమీ కాదు. నీలో ఒకటి, నాన్నలో ఒకటి ఉన్నాయి. ఆ రెండూ వాడికే వెళ్ళాయి, నాకొకటే వచ్చింది. నీ పాపమనీ ఖర్మ అనీ తల బాదుకున్నావే, అదేం కాదమ్మా. నువ్వు చేసిందేమీ లేదు. కానీ అక్కలోనూ ఒకటి ఉండొచ్చు, మీ అన్నయ్య కొడుకే కనుక బావలోనూ ఉండొచ్చు. ఇద్దరికీ లేకపోతే ఫికరే లేదు. ఉంటే కడుపులో బిడ్డ సంగతి ఇప్పుడే తెలుసుకోవాలి, నెలలు గడిచాక చేతిలో ఏమీ ఉండదు.

అక్కని డాక్టరుగారు అడిగారట, పుట్టింట్లో చిన్నప్పుడు పోయినవాళ్ళెవరైనా ఉన్నారా అని. మేమిద్దరం అక్కచెల్లెళ్ళమే అని చెప్పింది. బావ పక్కనే ఉండి తల దించుకున్నాడట. తమ్ముడి సంగతి చెప్పమని నేను ఫోనులో బతిమాలాను. "అమ్మ తల మీద చెయ్యి పెట్టి ఒట్టేశానే, నేను నోరు విప్పితే అమ్మకేమైనా అయితే?" అని ఏడ్చింది. వాడు పోయిన పదో రోజున మా ఇద్దరి చేతులూ నీ తల మీద పెట్టించుకుని, వాడి పేరు ఇంకెక్కడా ఎత్తబోమని ఒట్టేయించుకున్నావు. మళ్ళీ వింటే నువ్వు బతకలేవని. అక్క భయం నాకు తెలుసు. నేను ఒట్టు తప్పిన రోజు నుంచీ ఫోను మోగితే నీకేమైందోనని పరుగెత్తి ఎత్తుతున్నాను. నీ గొంతు వినేదాకా స్థిమితం లేదు. కానీ నీకేమీ కాలేదు, చూశావా.

అక్క నా మాట వినదు. నీ మాటే వినాలి. సోమవారం మళ్ళీ ఆసుపత్రికి వెళుతోంది. ఆలోపు దాన్ని పిలిచి, ఒట్టు తీసి గట్టున పెట్టాననొక్క మాట చెప్పు. నీ కాళ్ళు పట్టుకుంటానమ్మా.

నిన్న మొజంజాహీ మార్కెట్ మీదుగా వస్తూ దానిమ్మపళ్ళు చూశాను. రక్తం పడుతుందని గింజలు ఒలిచి వాడి దోసిట్లో పోసేదానివి. వాడు మా ఇద్దరికీ చెరో నాలుగు గింజలిచ్చి మిగతావి తినేవాడు. ఇన్నాళ్ళూ ఆ కొట్ల ముందు మొహం తిప్పుకుని నడిచాను. నిన్న రెండు కొన్నాను. ఒకటి తిన్నాను, ఒకటి బల్ల మీదుంది. ట్రంకు పెట్టె అడుగున నీ పెళ్ళిచీర మడతలో వాడి ఫొటో ఉందని నాకు తెలుసు. వీలైతే పంపించు, ఇక్కడ పెట్టుకుంటాను.

నాన్నకీ మామయ్యకీ నమస్కారాలు చెప్పు. అక్కకి పచ్చళ్ళు ఎక్కువ పెట్టకు. ఈ ఉత్తరం ఆబిడ్స్ పెద్ద పోస్టాఫీసులో స్పీడ్ పోస్టు చేస్తున్నాను, శుక్రవారానికల్లా నీ చేతికందాలి. కోప్పడినా పరవాలేదు, దీవించు.

నీ ముగ్గురు పిల్లల్లో రెండోది, శ్రీనుకి చిన్నక్క,
విజయ