ఇంటి పెద్ద అనే గడి

24 ఫిబ్రవరి 2025, సోమవారం

మా క్రైస్తవ సంఘాల శతాబ్ది పుస్తకం మా ప్రెస్‌కే వచ్చింది. సింగరాయకొండ నుంచి కనిగిరి దాకా మూడు వేల నూట నలభై ఇళ్లు. ఊరి వారీగా ఇంటి పెద్ద, భార్య, పిల్లలు, చేసే పని. డేటా అంతా సంఘం ఆఫీసులో కంప్యూటర్‌కి ఎక్కించే ఉంది. మట్టల ఆదివారానికి పుస్తకం చేతికివ్వాలి.

ఓనర్ గౌస్ బాషా గారు నన్నూ నాతో పని చేసే ప్రసన్నకుమార్‌నీ పిలిచి, ఒకే ఊరిని ఇద్దరూ మీ మీ పద్ధతిలో సాంపిల్ చేయండి అన్నారు. సంఘ పెద్దలు ఎవరిది మెచ్చితే పని వాళ్లది. ఆఖరి పేజీలో ‘కూర్పు’ అని వాళ్ల పేరు వేస్తారట.

ఆరేళ్లుగా ఈ బ్రాడీపేట సందులో పెళ్లి కార్డులూ కోచింగ్ సెంటర్ పాంప్లెట్లూ చేస్తున్నాను. నా పేరు దేని మీదా లేదు. ఈ పుస్తకం నాకు కావాలి. అంతే.

27 ఫిబ్రవరి, గురువారం

ప్రసన్నకుమార్‌ది రెడీమేడ్ ప్యాకేజీ. పేజీ మీద పెట్టెలు గీస్తాడు, ఏ పెట్టెలోకి డేటాలోని ఏ కాలమ్ రావాలో చూపిస్తాడు, బటన్ నొక్కుతాడు. ఇంటి నంబరుకో పెట్టె. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది, కాదనను. పేరు పొడుగైతే మాత్రం పెట్టె దాటిపోతుంది. అప్పుడు చేత్తో ఒక్కోటీ సర్దుకోవాలి.

నాది ట్యాగుల పద్ధతి. ఇది ఇంటి పెద్ద, ఇది భార్య, ఇది ఊరు అని ప్రతి మాటకీ ఓ చీటీ తగిలిస్తాను. ఎలా కనిపించాలో వేరే ఫైల్లో ఒక్కసారి రాస్తాను. ఇద్దరున్న ఇల్లు రెండు లైన్లు, పద్నాలుగు మంది ఉన్న ఇల్లు పద్నాలుగు లైన్లు. రూల్ మారిస్తే పుస్తకం మొత్తం మారుతుంది. స్క్రీన్ మీద చూస్తే పిచ్చిరాతలా ఉంటుందని ప్రసన్నకుమార్ వెక్కిరించాడు. వండేటప్పుడు వంటిల్లు ఎలా ఉంటే నీకెందుకయ్యా అన్నాను.

5 మార్చి, బుధవారం

గెలిచాను.

5 మార్చి, సాయంత్రం ఆరు

సంగతి రాయకుండా ఉండలేను. సంఘ కార్యదర్శి మార్క్ గారు, ఇంకో ఇద్దరు పెద్దలు వచ్చారు. ప్రసన్నకుమార్ పేజీల్లో అక్కడక్కడా పైన పేరు లేని ఖాళీ పెట్టెలున్నాయి. పళ్లూడిన నోరులా ఉంది అని నేనే అన్నాను, అందరి ముందూ. నా పేజీలో ఒక్క ఖాళీ లేదు. మార్క్ గారు నా పేజీని వెలుతురుకి పెట్టి చూసి, ఇదే కానివ్వమ్మా అన్నారు. ప్రసన్నకుమార్‌కి ఫోటోల పేజీలు ఇచ్చారు. పాపం అనిపించింది, కాసేపు.

14 మార్చి, శుక్రవారం

మొత్తం ప్రూఫ్ తీశాను. ఐదు వందల పన్నెండు పేజీలు. మార్జిన్లన్నీ దారం పట్టినట్టున్నాయి. సోమవారం ప్రింటింగ్ మొదలు.

అమ్మ ఊళ్లోవాళ్ల ముఠాతో మిరపకోతలకి ఇటువైపే వచ్చి ఉంది. ఆదివారం రమ్మన్నాను. చూపించాలి.

16 మార్చి, ఆదివారం

అమ్మ గుడిలో ఆరాధన అయ్యాక వచ్చింది. చేతులు ఇంకా మంట అని కొబ్బరినూనె అడిగింది. మా ఊరి పేజీ తీసి ఇచ్చాను. అమ్మ చదువు బైబిల్ చదువు, అక్షరం కింద వేలు పెట్టి పోతుంది. అంకయ్య గారి ఇంటి దగ్గర వేలు ఆగింది.

ఇంటి పెద్ద అంకయ్య. భార్య. కొడుకు. కోడలు. ఆ తర్వాత ఎలీసమ్మ. ఆ తర్వాత షారోన్.

మా అమ్మనీ నన్నూ తీసుకెళ్లి పక్కింట్లో కూర్చోబెట్టాను.

అంకయ్య పెళ్లాం చూస్తే నా జుట్టు పట్టుకుద్ది గదే అని అమ్మ పడీ పడీ నవ్వింది. నవ్వి నవ్వి ఆగింది. కాగితం నా ఒళ్లో పెట్టింది.

“మీ నాన్న పోయి పదకొండేళ్లు. ఆ ఇంటి తాళంచెవి ఇదిగో, నా బొడ్లోనే ఉంది. ఆ ఇంటికి పెద్దని నేనే గదా. అట్నే రాయి.”

ప్రూఫ్ మూడుసార్లు చదివాను. మార్జిన్లు చూశాను. అమ్మని చూడలేదు. సిగ్గుగా ఉంది.

17 మార్చి, సోమవారం, ఉదయం ఎనిమిది

ఎక్కడ తప్పానో దొరికింది. భర్త పోయిన ఇంటికి ఆఫీసులో ‘ఇంటి పెద్ద’ గడి ఖాళీగా వదిలేస్తారు. కొడుక్కి పెళ్లయి వాడి పేరు ఎక్కేదాకా ఖాళీయే. రిజిస్టరు పుట్టిన నాటి నుంచీ అదే పద్ధతి. ఇంటి పెద్ద పేరు కనపడితేనే కొత్త ఇల్లు అని నేను రూల్ రాశాను. పేరు లేని ఇళ్లన్నీ పై ఇంట్లో కలిసిపోయాయి. లెక్కపెట్టాను. నూట ఎనభై ఏడు.

ప్రసన్నకుమార్ పేజీల్లో ఆ ఖాళీ పెట్టెలు ఇవే. వాడి ప్యాకేజీ నిజం చెప్పింది. నా పేజీ నున్నగా అబద్ధం చెప్పింది.

17 మార్చి, మధ్యాహ్నం

బాషా గారికి చెప్పాను, ప్రసన్నకుమార్ ఎదుటే. మిషన్ ఆపించారు. పని నా చేతిలోంచి పోయిందనే అనుకున్నాను. పళ్లూడిన నోరు అన్నది నేనే, అందులో చూడాల్సింది నేనే చూడలేదు అని ప్రసన్నకుమార్‌తో అన్నాను. వాడు ఎగతాళి చేయలేదు. తనకీ ఆ ఖాళీలెందుకో తెలీదని, డేటా తప్పేమో అనుకున్నానని చెప్పాడు. టీ తెప్పించాడు.

మార్క్ గారికి ఫోన్ చేశాను. ఇళ్లు విడదీయమ్మా, పెద్ద గడి మాత్రం రిజిస్టర్లో ఉన్నట్టే ఖాళీగా ఉంచు అన్నారు. నేను సరే అనలేదు. రేపు రెండూ చూపిస్తానన్నాను.

18 మార్చి, మంగళవారం

ఇల్లు అంటే ఇంటి నంబరు అని రూల్ మార్చాను. పెద్ద గడి ఖాళీ అయితే భార్య పేరే ఇంటి పెద్దగా రావాలని ఇంకో రూల్ రాశాను. ఖాళీలతో ఒక పుస్తకం, పేర్లతో ఒక పుస్తకం. రెండూ కలిపి పదకొండు నిమిషాలు. డేటా మళ్లీ ఎక్కిస్తే చేత్తో సర్దినవన్నీ పోతాయి, తన ప్యాకేజీలో అయితే ఎనిమిది రోజులు పట్టేదని ప్రసన్నకుమార్ తనంతట తనే బాషా గారితో అన్నాడు.

మార్క్ గారు వచ్చి ఖాళీల పుస్తకమే ముందు తీశారు. పెద్దల మాట కాదని మార్చడం కష్టమమ్మా అన్నారు. అయినా అన్నాను.

“గుప్పెడు బియ్యం పుస్తకం ఉంది కదండీ. పూటపూటా ఈ ఇళ్ల ఆడవాళ్లు ఎసట్లో పోసేముందు తీసి పెట్టి గుడికి తెచ్చే బియ్యం. అందులో వీళ్ల పేరున ఒక్క గడైనా ఖాళీ ఉందా అండీ?”

ఆయన కళ్లజోడు తుడుచుకున్నారు. ఫోన్ తీసుకుని బయట మెట్ల మీదికి వెళ్లి ఇద్దరు పెద్దలతో మాట్లాడారు. లోపలికొచ్చి రెండో పుస్తకం మీద సంతకం పెట్టారు.

నేను బాత్రూంలోకి వెళ్లి ఏడ్చాను. గర్వంతోనే.

19 మార్చి, బుధవారం

మిషన్ నడుస్తోంది.

13 ఏప్రిల్, మట్టల ఆదివారం

పేజీ 388. ఇంటి పెద్ద: దారా ఎలీసమ్మ. భర్త: యోహాను, ప్రభువునందు నిద్రించారు. పని: వ్యవసాయ కూలీ. కూతురు: షారోన్. పని: ఈ పుస్తకం.