పాట నడుమ నా గొంతు

బావా,

పెండ్లయి ఏడాదైనా పట్నంల నీ రూము ఎక్కడో నాకు చెప్పలేదు. అందుకే ఈ ఉత్తరం పోస్టు చెయ్యను.

ఈరోజు నారాయణఖేడ్ నుంచి మనూర్ వచ్చే ఆటోల నా పక్కన కూసున్న మీ అమ్మ, "నా కొడుకు ఆల్బం తీసిండు, జర పెట్టు బిడ్డా" అని డ్రైవర్‌కు ఫోన్ ఇచ్చింది. కీబోర్డు సప్పుడు పొగమంచు లెక్క మెల్లగ కమ్ముకుంది. ఇంత పెద్ద పట్నంల నన్ను పలకరించేటోళ్లే లేరని నువ్వు పాడుతున్నవు.

పాట నడుమ ఒక ఆడగొంతు మళ్ల మళ్ల వచ్చింది. "తిన్నవా? ఎప్పుడొస్తవ్?"

అది నా గొంతే. నేను ఫోన్ల అడిగింది నాకు చెప్పకుండ రికార్డు చేసి, బాయి లోపల్నుంచి పిలిచినట్టు మార్చి పెట్టుకున్నవు. రోజూ నేనడిగితే "పనిల ఉన్న" అని ఫోన్ పెట్టేస్తవు. పలకరించేటోళ్లు లేరని లోకానికి చెప్తవా? ఇంట్ల గట్టిగ లేవని నా గొంతును ఆటో అంత విన్నది.

డ్రైవర్ నవ్విండు. "గా పిల్ల గన్నిసార్లు అడుగుతుంటే జవాబియ్యడేంది పెద్దమ్మా, నీ కొడుకు?"

"పాటల ఉత్తగనే పెడ్తరు బిడ్డా," అన్నది మీ అమ్మ, నా మోకాలు గిచ్చుకుంట.

నేను ఆగలేదు.

"ఆ పిల్ల నేనే, అన్నా. ఆయన ఇంకా జవాబియ్యలే."