ముందు చక్రాలు రెండూ కోడలికే

పేపర్ మిల్లులో తూకం గుమస్తాగా చేసి రిటైరైన నేను, రేపు ఉదయం గుండె ఆపరేషనుకు వెళ్ళవలసి ఉండి, ఎవరి బలవంతమూ లేకుండా, స్వహస్తాలతో రాస్తున్న వీలునామా ఇది. మతి స్థిమితంగానే ఉంది. కాళ్ళే ఒకచోట నిలవడం లేదు. వాన పడుతోంది, కోడలు ఇంకా డ్యూటీ నుంచి రాలేదు.

1. నా స్వార్జితమైన ఈ రెండు గదుల ఇల్లు మా అబ్బాయికి సర్వహక్కులతో చెందవలెను.

2. రేడియో మా తమ్ముడికి. నేను నోరు విప్పితే చాలు, అడ్డం తగులుతాడు. దాని మాటైనా చివరిదాకా వింటాడేమో.

3. నా సైకిలు, దాని ముందు చక్రాలు రెండింటితో సహా, కోడలికి. అబ్బాయికి అందులో ఏ హక్కూ లేదు. కారణం రాయాలి.

మా ఆయన ఈ సైకిలు మీదే వానలో వస్తుంటే, టైరుకు ఒరుసుకుని తిరిగే డైనమో తడికి జారి లైటు ఆరిపోయింది. రోడ్డు పక్కన తవ్విన కాలువలో పడి చనిపోయారు. "అమ్మేయ్ అక్కా, పీడా పోతుంది" అన్నాడు తమ్ముడు. అమ్మలేదు. ఆయన ఉద్యోగం నాకిచ్చారు, మిల్లుకి వెళ్ళాలి కదా. ఇరుసులోనే డైనమో ఉన్న చక్రం వేయించాను. ఎంత తడిసినా జారదు. పాత డైనమో తీసి పారేసి, ఆ పాత చక్రాన్ని మాత్రం పగటి డ్యూటీలకి స్పేరుగా ఉంచుకున్నాను.

ఇప్పుడు కోడలిదీ అదే మిల్లు. డ్యూటీ దిగేసరికి చీకటి పడుతుంది. "సైకిలు లేకపోతే తనే మానేస్తుంది" అని అబ్బాయి ఇవాళ డైనమో చక్రం ఊడదీసి అటక మీద పెట్టాడు. తండ్రి పోయిన నాటి భయం వాడిది, నాకు తెలుసు. అయినా పంతం కొద్దీ పాత చక్రం బిగించి కోడల్ని పంపాను, లైటు లేకుండా.

4. గేటు దాకా వెళ్ళొచ్చాను. రోడ్డు మీద ఎవరూ లేరు. నా కళ్ళజోడు పక్కింటి దర్జీకి. సూదిలో దారం ఎక్కించాల్సినప్పుడల్లా అడిగి తీసుకెళ్ళేవాడు.

5. కోడలు వచ్చింది. కాలువ పొడుగునా సైకిలు నడిపించుకుంటూ వచ్చిందట. "ఏమీ కనపడలేదత్తయ్యా, కాలితో తడుముకుంటూ వచ్చా" అంది. అబ్బాయి అటకెక్కి చక్రం దించాడు, బిగించాడు, వైరు కలిపాడు, చేత్తో గిర్రున తిప్పాడు. గోడ మీద వెలుగు పడింది. తర్వాత ఈ కాగితం చదివి, "ఏ హక్కూ లేదని రాశావేంటమ్మా" అన్నాడు.

కనుక మూడో నిబంధనను ఇలా సవరిస్తున్నాను: చక్రం బిగించే హక్కు వాడికుంది. ఊడదీసే హక్కు లేదు.

జూలై పద్నాలుగు, రాత్రి.

(సంతకం) తూకం గుమస్తా

సాక్షులు: సైకిలు మెకానిక్, ఎదురింటి మెడికల్ షాపాయన