తుమ్మించిన కుర్చీలు

ఆదివారం, రాత్రి.

నాలుగు కుర్చీలూ నెగ్గాయి. ఈ పాత టేకు కుర్చీలు నేను తెచ్చిన రోజే మా ఆవిడ గడువు పెట్టింది. ఆదివారంలోగా బాగవకపోతే పాత సామాన్లవాడికి ఇచ్చేస్తానంది.

ఉప్పుకాగితంతో రుద్ది ఆకుపచ్చ రంగు వేశాను. సీటుకు ఓ పాత గోతం కోసి పరిచి, దానిమీద దూది పెట్టి, నీలం గుడ్డ బిగించాను. నిన్న మా ఆవిడ కూర్చుని, అయిదు తుమ్ములు తుమ్మి లేచింది. నేను కూర్చున్నా అంతే. పరుపులు కుట్టే మస్తాన్ గారిని పిలిస్తే, గుడ్డ విప్పి వాసన చూశారు.

"ఏం విలేకరండీ మీరు! మిర్చియార్డు వార్తలు రాస్తారు, మిర్చి గోతం గుర్తుపట్టలేదా?"

ఆ గోతంలో అంతకుముందు ఏం పోశారని నేను అడగనేలేదు. ముప్ఫయ్యేళ్లలో ఇలా అడగకుండా రాసినవి ఇంకెన్ని ఉన్నాయో...

ఈ ఉదయం నేనూ మస్తాన్ గారూ కూర్చుని కొత్త గోనెతో నాలుగూ మళ్లీ బిగించాం. సాయంత్రం పాత సామాన్లవాడు వచ్చేసరికి, మా ఆవిడ గంట నుంచి వాటిలో ఒకదాంట్లోనే కూర్చుని పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుతోంది. ఒక్క తుమ్మూ లేదు. లేవకుండానే వసారా వైపు చెయ్యి చూపించింది.

"ఆ ప్లాస్టిక్ కుర్చీలు పట్టుకెళ్లు బాబూ."